కూలి ఇచ్చిన తరువాత

ఆఫ్రికా ఖండములోని కెన్యా, టాంజానియా దేశములకు ప్రతి సంవత్సరము లక్షలకొలది జనులు సింహములను, ఏనుగులను, జిరాఫీలను చూచుటకు పోవుచున్నారు. జట్టుగా చేరి, పైకప్పు తెరచిన జీపులలో కూర్చుండి గడ్డి మైదానములమీద తిరుగుదురు. ఈ ప్రయాణమునకు సఫారీ అని పేరు. మన ఊళ్లనుండి పోయి పట్టణములలోను విదేశములలోను స్థిరపడిన పిల్లలు కొందరు ఇట్టి యాత్ర చేసి ఫొటోలను ఇంటికి పంపుచున్నారు. వాటిని చూచిన పెద్దలు, "దానియేలునైతే ఊరకనే సింహముల దగ్గర పడవేసిరి, వీరు డబ్బిచ్చి మరీ పోయిరా!" అని నవ్వుకొనుటయు కలదు.

నవ్వుకు నవ్వే గాని, చూడబోవుట తప్పుకాదు. యోబు గ్రంథము 38వ అధ్యాయము చివరనుండి చదివినవారికి ఇది తెలియును. యోబు తన బాధనుగూర్చి అడిగిన ప్రశ్నలకు దేవుడు నేరుగా జవాబు చెప్పలేదు. ఆయన అతనిని అడవిలోనికి తీసికొనిపోయినట్లుగా, సింహమును, కొండమేకను, అడవిగాడిదను, నిప్పుకోడిని, గ్రద్దను, నీటిలోని మహామృగమును ఒకదానివెంట ఒకటి చూపించెను. అవి మనుష్యుని పనికి రావు. మనుష్యుడు వాటిని మేపడు. అయినను దేవుడు వాటిని చూచి సంతోషించుచున్నట్లే ఆ మాటలున్నవి. బూడిదలో కూర్చున్న మనిషికి కూడ ఆ దర్శనము అవసరమాయెను. కాబట్టి పులికాట్ సరస్సుమీద ఫ్లెమింగోలను, నేలపట్టు చెరువులో కడప చెట్లమీది గూడబాతులను చూచుటకు సంఘపు పిల్లలు లారీ కట్టించుకొని పోయినను, ఆఫ్రికాలో సింహమును చూచుటకు ఎవరైన విమానమెక్కి పోయినను, ఈ పత్రికలో దానికి ఆక్షేపణ లేదు.

మరి ప్రశ్న ఎక్కడ వచ్చుచున్నది? సఫారీ అను మాటలోనే వచ్చుచున్నది. అది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలోని మాట. దానికి ప్రయాణమని మాత్రమే అర్థము. వేట అని గాని వినోదమని గాని కాదు. అరబ్బీలోని సఫర్ అను మాటనుండి పుట్టినది. మోటారు బండ్లు రాకముందు ఆ దేశములో ప్రయాణమనగా నడక. సముద్రతీరమునుండి లోపలికి పోవలెనన్న రోడ్లు లేవు. ఎడ్లనుగాని గుఱ్ఱములనుగాని తీసికొనిపోయినచో సెట్సీ ఈగ కుట్టి అవి చచ్చును. అందుచేత గుడ్డల బేళ్లు, పూసల మూటలు, ఏనుగు దంతములు, గుడారములు, తుపాకులు, దొరగారి మంచము, స్నానపు తొట్టి అన్నియు మనుష్యుల తలలమీదనే పోవలెను. ఒక్కొక్కని తలమీద 25 మొదలు 30 కిలోల వరకు బరువు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్టు తన కుమారునితో కూడ ఆ దేశములో వేటకు పోయినప్పుడు 200 మందికి పైగా మోతగాండ్రు వారివెంట నడచిరి. తండ్రి కొడుకులిద్దరు కలిసి చంపిన జంతువులు 512. ఆ లెక్క ఏ జంతువు ఎన్ని అను వివరముతో సహా వ్రాసి అచ్చువేయబడినది. వందలకొలది మైళ్లు మూటలు మోసినవారినిగూర్చి అంత వివరముగా ఎవరును లెక్క వ్రాయలేదు.

"వ్రాయకపోతేనేమి? వారికి కూలి ఇచ్చిరి గదా" అని ఒకరు అనవచ్చును. ఇదే మనము ఈ నెల ఆలోచింపవలసిన ప్రశ్న. ఒకడు నా మూట మోసెను. ఒప్పుకొన్న కూలి నేను వాని చేతిలో పెట్టితిని. ఇక మా యిద్దరి మధ్య బాకీ ఏమైన మిగిలినదా, లేక అంతటితో చెల్లిపోయినదా? సంతలో ఈ ప్రశ్నకు జవాబు సులువు. వంకాయలు కొంటిమి, డబ్బిచ్చితిమి, ఎవరి దారిని వారు పోయితిమి. మోసిన మనుష్యుని విషయములో అట్లు చెప్పవచ్చునా?

కూలి ఇచ్చుట చిన్న సంగతి అని ఎవరును అనుకొనరాదు. లేవీయకాండము 19వ అధ్యాయములో కూలివాని జీతము తెల్లవారువరకు నీయొద్ద ఉండరాదని ఆజ్ఞ యున్నది. ద్వితీయోపదేశకాండము ఇంకను గట్టిగా, సూర్యుడు క్రుంకకమునుపే ఇయ్యవలెననుచున్నది. యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో బిగపట్టిన కూలి తానే కేక వేయుచున్నదని చెప్పుచున్నాడు. రొయ్యల గుంటల దగ్గర, వరికోతల దగ్గర సాయంకాలము కూలికొరకు నిలువబడినవారికి ఈ మాటల అర్థము ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. కూలి ఎగగొట్టినవాని సంగతి కాదు ఇక్కడ మనము అడుగుచున్నది. న్యాయముగా ఇచ్చినవాని సంగతినే అడుగుచున్నాము.

ఆఫ్రికాలో జరిగిన ఒక ప్రయాణమును చెప్పెదను. డేవిడ్ లివింగ్‌స్టన్ పేరు విననివారు మనలో తక్కువ. ఆయన 1873 మే నెల మొదటి దినములలో, ఇప్పటి జాంబియా దేశములో, చితాంబో అను పెద్ద యొక్క గ్రామమున, తడి నేలమీద వేసిన పాకలో చనిపోయెను. తెల్లవారుజామున తోడివారు చూచునప్పటికి మంచము ప్రక్కను మోకాళ్లమీద ఉండెను. ఆయనవెంట తెల్లవాడొక్కడును లేడు. సూసీ, చూమా అను ఇద్దరు ఎన్నో యేండ్లుగా ఆయనతో తిరుగుచున్నవారు. వీరిలో చూమా బానిసల వర్తకులనుండి విడిపింపబడిన బాలుడు. 1864లో లివింగ్‌స్టన్ మన బొంబాయికి వచ్చినప్పుడు అతనిని అక్కడి మిషను బడిలో చదువుకు ఉంచెను. జేకబ్ వేన్‌రైట్ అను మరియొక యువకుడు విడుదల పొందిన బానిస; అతడు నాసిక్‌లోని మిషను బడిలో చదువుకొన్నవాడు. వంట చేసిన హలీమా మొదలైన స్త్రీలును ఉండిరి. అందరు కలిసి సుమారు 60 మంది.

యజమానుడు చనిపోయెను. తీరము వెయ్యి మైళ్లకు పైగా దూరము. ఆ దేశములో శవమును మోసికొని పోవుటయనగా ప్రతి గ్రామమువారును భయపడి కత్తులు తీయుదురు. వారికి చెప్పువారు లేరు, బలవంతపెట్టువారు లేరు. ఉన్న సామాను పంచుకొని ఎవరి దారిని వారు పోయినను ఆ అడవిలో అడుగువాడెవడు? అయినను వారు కూడుకొని మాటలాడుకొని, ఆయనను ఆయన జనులయొద్దకు చేర్చవలెనని తీర్మానించుకొనిరి. గుండెను తీసి ఒక చెట్టు క్రింద పాతిపెట్టిరి. జేకబ్ ప్రార్థన పుస్తకములోనుండి భూస్థాపన క్రమము చదివెను. దేహమునకు ఉప్పు పట్టించి, రెండు వారములు ఎండలో ఆరబెట్టి, గుడ్డలో చుట్టి, చెట్టు బెరడు ఒలిచి దానిలో పెట్టి, కఱ్ఱకు కట్టి ఎత్తుకొనిరి. ఆయన వ్రాతలను, గడియారములను, కొలత పనిముట్లను లెక్క పెట్టి వేరుగా మూటకట్టిరి.

ఆ ప్రయాణము తొమ్మిది నెలలు పట్టెను. బయలుదేరిన కొద్ది దినములకే జబ్బుచేసి అనేకులు పడిపోయిరి. కొందరు దారిలోనే చనిపోయిరి. ఒకచోట ఊరివారితో పోరాటము జరిగెను. సగము దారికి పైగా వచ్చిన తరువాత, ఉన్యాన్యెంబేలో, లివింగ్‌స్టన్‌కు సహాయముగా వచ్చుచుండిన ఇంగ్లీషు అధికారి కామెరన్ వారికెదురై, దేహమును ఇక్కడనే పాతిపెట్టుడి, ముందు దారి ప్రమాదకరమని చెప్పెను. వారు ఒప్పుకొనలేదు. కసెకెరా అను చోట శవమును దాటనియ్యమని జనులు అడ్డగించగా, వీరు ఉపాయము పన్నిరి. శవమువలె కనబడు కట్టనొకటి తయారుచేసి, వెనుకకు తీసికొనిపోయి పాతిపెట్టుచున్నట్లు కొందరిని పంపిరి. నిజమైన దేహమును గుడ్డల బేలువలె చుట్టి, వర్తకపు మూటల మధ్య పెట్టి దాటించిరి. ఈ ఉపాయము సత్యమునకు సరిపడునా అని మన వేదపాఠశాలలో ఎవరైన అడిగినయెడల మంచి చర్చయే అగును. ఆ దినమున వారి స్థలములో నిలిచినవారికే దానికి జవాబు చెప్పు హక్కు కలదని నా అభిప్రాయము.

1874 ఫిబ్రవరిలో వారు బగమోయో రేవు చేరిరి. అక్కడి బ్రిటిషు అధికారి దేహమును అప్పగించుకొని, వారికి రావలసిన జీతము లెక్కకట్టి ఇచ్చి, పంపివేసెను. లెక్కలో తప్పేమియు లేదు. ఒప్పందము ప్రకారము అంతయు చెల్లినది. మిషను సొసైటీవారు ఖర్చు పెట్టుకొనుటచేత జేకబ్ వేన్‌రైట్ ఒక్కడు మాత్రము ఓడలో దేహముతోకూడ ఇంగ్లాండు వెళ్లెను. 1874 ఏప్రిల్ 18న లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో భూస్థాపన జరిగినప్పుడు శవపేటిక ప్రక్కను నడచినవారిలో అతడొకడు. సూసీ చూమాలు ఇంగ్లాండు చూచునప్పటికి అంతయు అయిపోయెను. లివింగ్‌స్టన్ స్నేహితుడొకడు తన సొంత ఖర్చుతో తరువాత వారిని పిలిపించెను. ఆయన చివరి దినచర్య పుస్తకమును అచ్చుకు సిద్ధపరచునప్పుడు, ఏ నది ఎక్కడ దాటిరో, ఏ దినమున ఏమి జరిగెనో వీరిద్దరే కూర్చుండి చెప్పవలసివచ్చెను. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీవారు ఆ మనుష్యులకొరకు 60 పతకములు చేయించిరి. అవి పంపునప్పటికి ఎందరో ఎక్కడెక్కడికో చెదరిపోయిరి.

ఇక్కడ రెండు చెక్కుడు వ్రాతలను ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చూడుడి. చితాంబో గ్రామములో ఆ గుండెను పాతిన చెట్టు కాండముమీద జేకబ్ కత్తితో అక్షరములు చెక్కెను. అందులో లివింగ్‌స్టన్ పేరు, తేదీ ఉన్నవి. వాటి క్రింద తన తోడివారి పేర్లు మూడు కూడ ఉన్నవి. ఆ చెట్టు ముక్క ఇప్పుడు లండనులో భద్రముగా ఉన్నది. వెస్ట్‌మిన్‌స్టర్‌లోని నల్లరాతి పలకమీద, నమ్మకమైన చేతులు ఆయనను నేలమీదను సముద్రముమీదను మోసికొని వచ్చినవని మర్యాదగా చెక్కిరి. చేతులని మాత్రమే యున్నది. పేర్లు లేవు. ఆ పలకను చెక్కించినవారు దుష్టులు కారు. కృతజ్ఞతతోనే చెక్కించిరి. అయినను అడవిలోని యువకునికి తోచినది ఆ గొప్ప దేవాలయములోని పెద్దలకు తోచలేదు. చేతులు కూలికి దొరకును. ఆ తొమ్మిది నెలల నమ్మకము కూలికి దొరకునది కాదు.

ఇంకొక ఉదాహరణము చూడుడి. కెన్యాలో మొంబాసానుండి లోపలికి రైలుదారి వేయుటకు 1896 మొదలు సుమారు 32,000 మంది కూలీలను మన దేశమునుండి, ముఖ్యముగా పంజాబు ప్రాంతమునుండి, తీసికొనిపోయిరి. వారిలో 2,500 మంది వరకు అక్కడనే చనిపోయిరి. 1898లో త్సావో నదిమీద వంతెన కట్టునప్పుడు రెండు మగ సింహములు రాత్రివేళ గుడారములలోనికి దూరి మనుష్యులను ఈడ్చుకొనిపోవుచుండెను. వందలకొలది కూలీలు రైలుకు అడ్డముగా పండుకొని ఆపి, ఎక్కి పారిపోయిరి. పని కొన్ని వారములు ఆగిపోయెను. ఇంజనీరు పాటర్సను దొర తొమ్మిది నెలలు కాచి వాటిని చంపెను. అతని ధైర్యమును ఎవరును కాదనలేరు. అతడు వ్రాసిన లెక్క ప్రకారము చనిపోయిన హిందూదేశపు కూలీలు 28 మంది. ఆఫ్రికా కూలీలును అనేకులు చనిపోయిరి గాని వారి సంఖ్యను ఎవరును వ్రాసి పెట్టలేదని అతడే ఒప్పుకొనెను. ఆ రెండు సింహముల చర్మములు 1924లో అమెరికాకు అమ్మబడి, గడ్డి కూరి నిలువబెట్టబడి, షికాగో నగరపు మ్యూజియములో ఈనాటికిని ఉన్నవి. నేడు ఆ త్సావో అడవిలో సఫారీకి పోవువారికి ఈ సింహముల కథ చెప్పుదురు. తిన్న జంతువులకు అద్దాల గది దొరికినది. తినబడినవారికి 28 అను అంకె దొరికినది, వారి ప్రక్కనే చనిపోయిన ఆఫ్రికావారికి అంకెయు దొరకలేదు.

ఆఫ్రికా మనకేల అనుకొనువారున్నారేమో. మన నెల్లూరు తీరమునకును ఆఫ్రికాకును సంబంధము పాతది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ చెన్నపట్నమునుండి 342 మంది జనులతో నేటాలు దేశపు డర్బను రేవుకు చేరెను. అప్పటినుండి 1911 వరకు 1,52,184 మంది హిందూదేశమునుండి చెరకు తోటలకును, తేయాకు తోటలకును, బొగ్గు గనులకును పోయిరి. వారిలో ఎక్కువమంది చెన్నపట్నములో ఓడ ఎక్కినవారు, తెలుగువారు వేలకొలది. అయిదేండ్ల ఒప్పందము. మొదటి యేడు నెలకు పది షిల్లింగుల జీతము. వ్రేలిముద్ర వేసిరి గనుక ఒప్పుకొన్నట్లే అని దొరలు చెప్పుదురు. కరవులో కడుపు ఎండినవాడు వేసిన వ్రేలిముద్రను ఒప్పుదల అనవచ్చునా? నా మట్టుకు నేను దానిని సగము ఒప్పుదల అందును. ఓడ రిజిస్టరులో ప్రతివానికిని ఒక నంబరు ఇచ్చిరి. తోటలో పిలుపునకు ఆ నంబరే.

1903లో ఇదే నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు కుటుంబముతో సముద్రము దాటి నేటాలు వెళ్లిరి. వారిని పంపినది అమెరికా దొరలు కారు, తెలుగు బాప్టిస్టు సంఘములవారి హోం మిషనరీ సొసైటీ. కూలీల పిల్లలమైన మనము, పరదేశములో కూలీలైన మన జనులయొద్దకు మిషనరీని పంపితిమన్న సంగతి మన సంఘములలో ఇప్పటి పిల్లలకు చెప్పదగినది. ఆయన కియర్స్నీ తేయాకు తోటలోని తెలుగువారి మధ్య పనిచేసి, ఆ యేటి చివరనే అక్కడ సంఘమును స్థాపించెను. తోట యజమానుడు కూలి ఇచ్చువాడే. ఆ కూలి పుచ్చుకొన్నవారు ఆదివారమున ఒకచోట కూడినప్పుడు వారిని నంబరుతో గాక పేరుతో, తెలుగులో, అన్నా, అక్కా, పెద్దమ్మా అని పిలిచినవాడు ఆయన. 1915లో ఆయన అక్కడనే నిద్రించెను. ఆయన పేరు మనకు నిలిచినది. ఆయనకు గుడిసెలో చోటిచ్చి, పొద్దంతయు ఆకు కోసి, రాత్రి లాంతరు పట్టుకొని ఒక తోటనుండి మరియొక తోటకు ఆయనకు దారి చూపినవారు ఉండియుందురు గదా. వారి పేర్లు చెప్పుమనిన నాకు చేతకాదు.

మన ఊళ్లవైపు తిరిగినను ఇదే సంగతి కనబడును. మోటార్లు రాకముందు కలెక్టరు దొరలు, తాసీల్దారులు క్యాంపు వచ్చునప్పుడు గుడారములును పెట్టెలును ఎవరు మోసిరి? పల్లకి బోయీలెవరు? వెట్టివాడని పిలువబడినవాడు ఎవరి తాత? బకింగ్‌హాం కాలువమీద ఉప్పును, బియ్యమును, శ్రీహరికోటనుండి చెన్నపట్నమునకు సరుగుడు కట్టెలను పడవలు తీసికొనిపోవునప్పుడు, గాలి లేని దినములలో కట్టమీద నడచుచు త్రాడు భుజమునకు తగిలించుకొని లాగినవారు మన తీరపువారే. 1877లో గొప్ప కరవు వచ్చినప్పుడు ఆ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును ఒంగోలు క్లౌదొరగారు కంట్రాక్టు తీసికొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించిరి. క్లౌదొర పేరు తెలియని సంఘము లేదు. ఆ పారలు పట్టినవారి పేర్లు తెలిసిన సంఘము ఎక్కడనున్నది? కాలువ చాలచోట్ల పూడిపోయినను దాని గట్లు ఇంకను కనబడుచున్నవి. వాటిమీద మన మేకలు మేయుచున్నవి.

సువార్తలో కూడ ఒక వెట్టి మోత ఉన్నది. రోమా సైనికులు దారిన పోవుచుండిన ఒకనిని పట్టుకొని సిలువ మోయుమని బలవంతము చేసిరి. అతడు కురేనే పట్టణపువాడు. ఆ కురేనే ఇప్పటి లిబియా దేశములో, ఆఫ్రికా ఉత్తర తీరమున ఉన్నది. ఒక మైలు రమ్మని బలవంతము చేయువానితో రెండు మైళ్లు వెళ్లుమని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినచోట ఏ గ్రీకు క్రియాపదమున్నదో, సీమోనును పట్టుకొన్నచోటను ఆ పదమే యున్నది. అది వెట్టికి పట్టుట అను అర్థముగల మాట. ఇప్పుడు మార్కు 15వ అధ్యాయము 21వ వచనము చూడుడి. ఆజ్ఞ ఇచ్చిన అధికారి పేరు అక్కడ లేదు. మేకులు కొట్టినవారి పేర్లు లేవు. వెట్టికి పట్టబడిన ఆఫ్రికావాని పేరున్నది, అతని ఊరున్నది, అలెక్సంద్రు, రూఫు అను అతని ఇద్దరు కుమారుల పేర్లును ఉన్నవి. మార్కు తక్కువ మాటలవాడు. అన్ని సువార్తలలో చిన్నది అతనిది. అట్టివాడు ఇక్కడ మాత్రము పిల్లల పేర్లుకూడ ఏల వ్రాసెను? ఆ పిల్లలు తన సంఘమువారికి తెలిసినవారైయుందురు. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు వందనము చెప్పిన రూఫు అతడేనని కొందరు పండితులు తలంచుచున్నారు. ఆ అధ్యాయమును గబగబ చదివి దాటించువారు కలరు, అన్నియు పేర్లే అని. ఆ పేర్లలో, పౌలు చెప్పగా పత్రికను చేతితో వ్రాసిన తెర్తియు ఉన్నాడు; దానిని రోమాకు మోసికొనిపోయినదని ఎంచబడు ఫీబే ఉన్నది.

"అందరి పేర్లును ఎట్లు వ్రాయుదుము? 200 మంది కూలీలుందురు" అని అడుగుదురు. వ్రాయలేమనుట నిజము కాదు. కూలి ఇచ్చు దినమున అందరి పేర్లును పుస్తకములో ఉండును. ఎవనికెంత ఇచ్చితిమో తెలియవలెను గదా. డబ్బుకొరకు వ్రాసిన పేరు కృతజ్ఞతకొరకు వ్రాయుటకు కష్టమగుట వింతగా ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధములో తూర్పు ఆఫ్రికాలో బ్రిటిషు సైన్యమునకు సామాను మోసినవారిలో తొంబది వేలకు పైగా జబ్బులచేతను ఆకలిచేతను చనిపోయిరి. నైరోబీలో కరియాకోర్ అనియు, దార్ ఎస్ సలాంలో కరియాకూ అనియు పేటలున్నవి. మోత దళమునకు ఇంగ్లీషులో ఉన్న క్యారియర్ కోర్ అను పేరు జనుల నోట అట్లు మారినది. ఊరికి పేరు మిగిలెను గాని మనుష్యుల పేర్లు మిగులలేదు. 2021లో, యుద్ధములో చనిపోయినవారి సమాధులను చూచుకొను కామన్వెల్తు సంస్థవారు, ఆఫ్రికా మొదలైన దేశములవారు లక్షకు పైగా పేరుతో స్మరింపబడలేదని తామే విచారించి ప్రకటించి, క్షమాపణ చెప్పిరి. 2025 జనవరిలో కేప్ టౌను నగరములో, ఆ యుద్ధమున కూలి దళములలో చనిపోయిన దక్షిణాఫ్రికా నల్లవారు 1,772 మందికి, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొయ్య స్తంభము నిలిపి, దానిమీద వాని పేరు చెక్కించిరి. నూరేండ్లు దాటిన తరువాత వెదకినను 1,772 పేర్లు దొరకినవి. వెదకువారుంటే దొరకును.

బాకీ అనగా పేరు వ్రాయుట ఒక్కటియే కాదు. మూట ఎంత బరువున్నదో చూచుట ఉన్నది. కిలిమంజారో కొండ ఎక్కువారి సామాను మోయు కూలికి 20 కిలోలకు మించి ఎత్తరాదని ఇప్పుడు అక్కడి నియమము. త్రాసు పెట్టి తూచుదురు. ఆ నియమము పుట్టకముందు చలికి చాలిన బట్ట లేక కొండమీద చనిపోయిన మోతగాండ్రున్నారు. కూలి వారికిని ఇయ్యబడినది. సఫారీలవలన ఆ దేశములలో వేలకొలది కుటుంబములు అన్నము తినుచున్నవి, దానిని మానుమనుట వారి కడుపు కొట్టుట. పోవువాడు పోవచ్చును. సింహమును చూచినంత శ్రద్ధతో బండి తోలువానిని చూచునా అనునదే నా సందేహము. ఫొటోలో సింహము ఉండును, తాముందురు, బండి తోలినవాని మోచేయి మాత్రము ఒక మూల కనబడును.

భీమునివారిపాలెములో పక్షులను చూచుటకు పడవ ఎక్కునప్పుడు కూడ ఇంతే. 2022 వరకు మన జిల్లాలో ఉండి ఆ యేడు తిరుపతి జిల్లాలో చేరిన ఆ రేవునకు చలికాలములో జనము వత్తురు. లోతు లేని చోట గెడవేసి పడవ త్రోయువాడు బురద ఎక్కడ, దారి ఎక్కడ, పిట్టలు ఏ వేళకు ఏ వైపు దిగునో ఎరిగినవాడు. ఇంకొక నలుగురిని ఎక్కించుకొమ్మని మనము గొడవ పెట్టినప్పుడు వాడు వద్దనునా, డబ్బుకొరకు సరే అనునా? ఇదే సరస్సులో, దక్షిణమున తమిళనాడువైపు, 2011 డిసెంబరు 25న, పండుగ దినమున విహారమునకు పోయిన పడవ మునిగి 22 మంది చనిపోయిరి. పడవవాని మాటకు విలువనిచ్చుట కూడ కూలిలో చేరని బాకీయే, అది మన ప్రాణముతో ముడిపడియున్నది.

నేటాలుకు పోయినవారి ఓడ రిజిస్టర్లు చిరిగిపోకుండ దక్షిణాఫ్రికాలో దాచబడియున్నవి. ఒక్కొక్క నంబరు ఎదుట మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చ వ్రాసియున్నవి. పారిపోయినవానిని పట్టుకొనుటకు ఆ గుర్తులు వ్రాసిరి. ఇప్పుడు ఆ కూలీల మునిమనుమలు వాటినే కంప్యూటరులో వెదకి, తమ తాత ఊరు ఏదో కనుగొనుచున్నారు. తెలుగు మరచినవారు, ఇంటి పేరు మాత్రము మిగిలినవారు, ఆ కాగితము చేత పట్టుకొని ఈ దేశమునకు వచ్చినవారును కలరు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన ఊరి పేరు వంకరగా ఉండును; ఏ ఊరో తేల్చుటకు స్థానికులు కావలెను. అట్టివాడొకడు మన గుడి దగ్గర బస్సు దిగి, తన ముత్తాత పేరు చదివి, ఈయన ఎవరి ఇంటివాడని అడిగినయెడల, మన సంఘములో జవాబు చెప్పగల పెద్దలు ఇంకను ఇద్దరో ముగ్గురో ఉన్నారు.